వీరమ్మ మెరక

మా మావయ్యగారు నన్ను ఒక ప్రశ్న అడగడానికి మూడేళ్ళు పట్టింది. పెళ్ళయి నిడదవోలు నుంచి ఈ ఇంటికొచ్చాక ఆయన నాతో అన్నవన్నీ పురమాయింపులే. కాఫీ తెమ్మనడం, గేటు వెయ్యమనడం, ఫోనెవరిదో చూడమనడం. అలాంటి బుల్లిరాజుగారు రెండేళ్ళ కిందటి వేసవిలో, కాలువలకి నీళ్ళు కట్టేసిన నాలుగో రోజున, అన్నం కలుపుతున్నవారల్లా చెయ్యాపి తలెత్తి నావైపు చూశారు.

"గోబర్ గ్యాసు ఎక్కడ కడితే బాగుంటుందంటావమ్మా?" అన్నారు.

నేను పప్పుగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మాటకి మొహం వాచిపోయిన మనిషికి మాట దొరికితే ఏమవుతుందో ఆ వేసవంతా చూశాను. చూశానంటే ఎవరినో కాదు, నన్నే.

గోబర్ గ్యాసు నా పట్టుదలే. మాకు ఎనిమిది గేదెలు. వాటి దాణా ఉడకబెట్టడానికి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచడానికి వెనకవైపు ఒక పొయ్యి. కొబ్బరి కమ్మలు, కాయల డొక్కలు పెట్టి ఊదుకుంటూ కూర్చునే కొలువు కోడలిది. పొగకి కళ్ళు వాచాయంటే మా అత్తయ్య బుజ్జమ్మగారు ఈ ఇంట్లో పొగకి పోయినవాళ్ళెవరూ లేరని తేల్చేశారు. నేను మా ఆయన వరుణ్‌ని సతాయించి, ఆయన తండ్రికి చెప్పి, చివరికి గోబర్ గ్యాసు పథకం చూసే ఇంజినీరు శ్యాంబాబుగారిని ఇంటికి రప్పించగలిగాం. ఆయన పెరడంతా ఒకసారి తిరిగి, ఇక్కడ అన్నిటికంటే కష్టమైన పని కట్టడం కాదండీ, జాగా చూసుకోవడమేనండీ అన్నారు. పేడ మోసే దూరం తక్కువుండాలి కనక పశువుల పాకకి దగ్గరుండాలి. పైపు పొడుగవకూడదు కనక వంటింటికీ దగ్గరుండాలి. తాగే నీళ్ళ బోరుకి మాత్రం దూరముండాలి. ఎండ బాగా తగలాలి, చెట్ల వేళ్ళు చేరకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వానాకాలంలో నీళ్ళు నిలవకూడదు. పది రోజుల్లో మళ్ళీ వస్తాను, ఈలోగా మీరే చూసి పెట్టండని వెళ్ళిపోయారు.

చెప్పడం తేలికే. మా ఇల్లు ఊరికి ఎడంగా, పెద్ద కాలువకీ మురుగుకాలువకీ మధ్యన, కొబ్బరితోటలో ఉంది. నేలంతా పీట చెక్కినట్టు చదును. ఎక్కడ నాలుగడుగులు తవ్వినా ఊట పైకి వచ్చేస్తుంది. డిగ్రీ చదివింది కదా, కోడల్నే చూడనివ్వండని వరుణ్ అన్నారట. మావయ్యగారు సరేనన్నారు. టేపు, నోట్‌బుక్కు నా చేతికొచ్చాయి. టేపు రెండో చివర పట్టుకోవడానికి వీరమ్మని పిలిచాను.

వీరమ్మ మా పశువుల పని చూసేది. అరవై దాటి నాలుగైదేళ్ళుంటాయి. భర్త జీవరాజు పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఆదివారం పూట మల్లెపువ్వులాంటి చీర కట్టుకుని చర్చికి వెళ్ళొచ్చేది, మిగతా ఆరు రోజులూ పేడలోనే ఉండేది. పాకకి వెనక, కాస్త ఎత్తు మీద, తాటాకు కప్పిన చిన్న ఇల్లు. వరుణ్ వాళ్ళ తాతగారు ఎప్పుడో నోటిమాటగా ఉండమన్న చోటు అది. నేను కాపరానికొచ్చిన ఏడాది నాకు మూడో నెలలో కడుపు పోయింది. ఇంట్లో ఎవరికి తోచిన మాట వాళ్ళన్నారు. వీరమ్మ ఒక్క మాటా అనలేదు. వేణ్ణీళ్ళు మోసుకొచ్చి స్నానం చేయించింది, నా బట్టలు ఎవరి కంటా పడకుండా కాలువలో ఉతికి తెచ్చింది. ఈ మాట నా మంచితనం చూపించుకోవడానికి చెప్పడం లేదు. నేను చేసింది ఎవరికి చేశానో తెలియాలని చెబుతున్నాను.

మొదట పాక పక్కన గునపంతో తవ్వించి చూశాం. మోకాలి లోతు దాటగానే బురద తేలింది. ఇంటి కుడి పక్కన బోరు అడ్డొచ్చింది. తోటలో ఎటు చూసినా నీడ, వేళ్ళు. కొబ్బరిచెట్టు కొట్టడమంటే మావయ్యగారు తన వేలు కొట్టించుకుంటారు గాని ఒప్పుకోరు. ఇక మిగిలింది ఇంటి ఎడమ పక్కన ఉన్న కారు షెడ్డు. అంతకు ముందు ఉగాదికి వరుణ్ కారు కొన్నారు. దానికి తడి తగలకూడదని మావయ్యగారు కంకర పోయించి, మెరక చేయించి, పైన రేకులు వేయించారు. నేనూ వీరమ్మా దాని చుట్టూ కొలిచాం. పాక దగ్గరే, వంటిల్లు దగ్గరే, బోరు ఇంటికి అవతలి వైపు. రేకులు తీసేస్తే ఎండకి కొదవ లేదు. "షెడ్డు సరిపోతుంది" అని నోట్‌బుక్కులో రాసుకున్నాను.

"అన్నీ బాగానే ఉన్నాయండి. అయ్యగారే ఒప్పుకోవాలండి" అంది వీరమ్మ, నవ్వు చీరకొంగుతో కప్పుకుంటూ.

అప్పుడే నేను ఆ మాట అడిగాను. పెరట్లో వానాకాలం నీళ్ళు ఎక్కడెక్కడ నిలబడతాయో నాకు తెలియదు. నలభై ఏళ్ళుగా అక్కడ తిరిగిన మనిషికి కాక ఇంకెవరికి తెలుస్తుంది? వీరమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తిప్పినట్టే తిప్పింది. ఇక్కడ మోకాలి దాకానండి, ఇక్కడ పిక్కల దాకానండి, ఇక్కడ మూడో రోజుకి గాని తీయదండి అంటూ కాలి బొటనవేలితో గీతలు గీసి చూపించింది. చివరికి తన ఇంటి దగ్గరికి తీసుకెళ్ళి, వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇక్కడికి మాత్రం నీళ్ళు రావండి. ఎనభయ్యారు గోదారికి ఇల్లు ములిగిపోయిందండి. ఆ ఏటి నుంచి యేటా కాలువ కట్టేసినప్పుడల్లా నేనూ మా ఆయనా పూడిక మట్టి తట్టల్తో మోసి పోసుకున్నామండి. పన్నెండేళ్ళు మోశాం. మొన్న ఇరవైరెండు వరదలకి, మీరప్పుడు పుట్టింట్లో ఉన్నారండి, మీ గేదెల్ని కూడా మా వాకిట్లోనే కట్టేశారండి. కావాలంటే అయ్యగారినడగండి."

అంత గర్వంగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. సరదాకన్నట్టు అక్కడా టేపు పెట్టాను. పాకకి పాతిక అడుగులు. బోరుకి దూరం. చెట్టు నీడ లేదు. ఆవిడే టేపు చివర పట్టుకుని, మాకెందుకండి గ్యాసు, పుల్లలతో గడిచిపోతుందండి అని నవ్వింది.

మర్నాడు భోజనాల దగ్గర మావయ్యగారికి రెండు చోట్లున్నాయని చెప్పాను. మొదటిది కారు షెడ్డు అన్నాను. ఆయన మజ్జిగ వెయ్యమన్నారు. వేశాను. ఉప్పు తెమ్మన్నారు. తెచ్చాను. నేను షెడ్డన్న మాట అసలు గాలిలోకే రానట్టు, "రెండోదెక్కడ?" అన్నారు. వీరమ్మ ఉండే చోటని చెప్పాను. ఆయన మజ్జిగన్నం ఒక ముద్ద తిని, నెమ్మదిగా తలాడించారు.

"బాగుంది. బుర్ర పెట్టి చూశావు" అన్నారు.

అత్తయ్యగారు నావైపు తిరిగి చూశారు. వరుణ్ కూడా చూశారు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

శ్యాంబాబుగారు అన్న రోజుకే వచ్చారు. అందరం పెరట్లో నిలబడ్డాం. వీరమ్మ టేపు పట్టుకుని నా పక్కనే ఉంది. ఆ మధ్యాహ్నం దాకా ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను కూడా. మావయ్యగారు మా కోడలే చూసిందండి అని ఇంజినీరుకి గొప్పగా చెప్పి, ఆ ఎత్తు వైపు చెయ్యి చూపించారు. వీరమ్మ ముందు తన ఇంటివైపు చూసింది, తర్వాత ఆయన చేతివైపు, తర్వాత నావైపు.

శ్యాంబాబుగారు కొలిచి, మట్టి పిడికిట్లో నలిపి చూసి, చోటు దివ్యంగా ఉందన్నారు. కొంచెం ఇబ్బంది పడుతూ నావైపు తిరిగారు.

"ఇక్కడ మనిషి ఉంటున్నారు కదండీ. ఈ పెరట్లో ఇంకో మెరక జాగా ఏదీ లేదాండీ?"

కారు షెడ్డు మాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆయన దానికి వీపు పెట్టి నిలబడ్డారు. మావయ్యగారు నాకేసి చూస్తున్నారు. కోపంగా ఏమీ కాదు, బాగా చదివే పిల్లని జవాబు చెప్పమన్నట్టు చూస్తున్నారు.

"లేదండీ" అన్నాను.

వీరమ్మ టేపు చుట్టడం మొదలుపెట్టింది. పూర్తిగా చుట్టి, మట్టి తుడిచి, నా చేతికిచ్చింది.

ఆ సాయంత్రం మావయ్యగారు ఆవిడని వరండా మెట్ల దగ్గరికి పిలిపించారు. ఆయన ఎవరినీ గట్టిగా కసిరే మనిషి కాదు. ఆయన తీపంతా అలాంటప్పుడే బయటికొస్తుంది. పక్క తోటలవాళ్ళు ఇద్దరు కూడా ఉన్నారక్కడ. కాఫీ తాగావా అని అడిగి, కీళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగి, అప్పుడు సంగతి చెప్పారు. మురుగుకాలువ వార ఇంతకి రెట్టింపు జాగా ఇస్తానన్నారు. అక్కడ గాలి బాగుంటుందన్నారు. నువ్వు వద్దంటే ఈ పని మానేస్తాను వీరమ్మా, నీ కంటే నాకు గ్యాసు ఎక్కువా అన్నారు. అంతమందిలో అంత మంచి మాట అన్నాక ఆవిడ ఏమనగలదు? అయ్యగారి ఇష్టమండి అంది. చూశారా, ఎంత మంచిదో అని ఆయన ఆ ఇద్దరితో అన్నారు.

ఇల్లు విప్పడానికి రెండు రోజులు పట్టింది. మనుషుల్ని పెడతామన్నా వద్దని తాటాకు తనే ఒక్కొక్కటీ దించుకుంది. నేను ఉండబట్టలేక గిన్నెలు మోయడానికి వెళ్ళాను. ఎవరూ లేకుండా చూసి, ఆ రోజు షెడ్డు సంగతి నువ్వెందుకు చెప్పలేదని అడిగాను. తప్పు కొంత ఆవిడ మీదికి నెట్టాలనే అడిగానేమో, ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది.

"మీరు లేదన్నాక నేను ఉందంటే, అంతమందిలో మిమ్మల్ని అబద్ధాలమనిషిని చేసినట్టు కాదాండి" అంది. "ఇప్పుడిప్పుడే కదా మీ మాట వింటున్నారు."

ఆవిడ చేతిలోంచి గిన్నెలు తీసుకుని నడిచాను. దారంతా నా కాళ్ళు చూసుకుంటూనే నడిచాను.

తవ్వకం మొదలైంది. ఎనిమిదడుగులు దిగినా ఊట అడుగున చెమ్మలా తగిలిందే తప్ప పైకి రాలేదు. మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. ఈ చుట్టుపక్కల ఇలాంటి నేల చూడలేదండి అన్నాడు. నల్లగా, మెత్తగా, పొరలు పొరలుగా ఉంది మట్టి. ఏ ఏడు ఎంత పోశారో గోతి గోడ మీద లెక్కపెట్టుకోవచ్చు. నేను లెక్కపెట్టలేదు. వీరమ్మ గొయ్యి అంచున కూర్చుని కాసేపు లోపలికి చూసి, పాకలోకి వెళ్ళిపోయింది.

జూన్ మొదట్లో కాలువకి నీళ్ళు వదిలారు. ఇక మళ్ళీ వేసవి దాకా పూడిక మట్టి దొరకదు. మురుగుకాలువ వార ఆవిడ వేసుకున్న కొత్త ఇల్లు అరచెయ్యి ఎత్తులో కూడా లేదు. కాలువకి నీళ్ళొచ్చిన మర్నాడు వీరమ్మ నా దగ్గరికొచ్చింది. అన్నాళ్ళలో ఆవిడ నన్ను అడిగింది ఆ ఒక్కటే.

"చిన్నమ్మగారండీ, గోతిలోంచి తీసిన మట్టి పట్టుకెళ్ళచ్చాండి? నేనే మోసుకుంటానండి. వానలు పడే లోపల రెండడుగులు ఎత్తు చేసుకుంటే చాలండి."

మావయ్యగారిని అడిగి చెబుతానన్నాను. ఆయన నన్నే అడిగారు, ఇంజినీరు ఏమన్నాడని. గోతిలో కట్టే గ్యాసు గుమ్మటం చుట్టూ, పైనా మళ్ళీ ఆ మట్టే కప్పాలన్నారని చెప్పాను. అది నిజమే. అందులో సగమే సరిపోతుందని కూడా ఇంజినీరు అన్నారు. ఆ మాట నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఎవరూ నా నోరు మూయలేదు. ప్రశ్నకి సరిపడా జవాబు చెబితే మెచ్చుకుంటారని తెలిసిపోయింది, అంతే. మట్టి కావాలట వీరమ్మా అని చెప్పాను. కప్పగా మిగిలిన మట్టిని షెడ్డు ముందు కారు తిరగడానికి వీలుగా పరిపించారు. ఆ మట్టిని తట్టల్తో అక్కడికి మోసింది కూడా వీరమ్మే. అది కూలి పని కదా, పిలిచారు, వచ్చింది.

ఆషాఢం ముగిసేసరికి గ్యాసు వచ్చింది. మొదటిసారి పేడనీళ్ళు తొట్టిలో పోసే రోజున, వీరమ్మ చెయ్యి మంచిదని మావయ్యగారు ఆవిడ చేతే పోయించారు. పోసి, చేతులు కడుక్కుని, బాగా రావాలండి అని దణ్ణం పెట్టింది. పొయ్యి వెలిగిన రోజున అత్తయ్యగారు వంటింటి బీరువా తాళాలు నా బొడ్డున దోపారు. ఈ ఇల్లు ఇంక నీదేనమ్మా అన్నారు. రావులపాలెం నుంచి కూడా మనుషులొచ్చి చూసి వెళ్ళేవారు. మావయ్యగారు వాళ్ళకి నన్నే చూపించేవారు. జాగా అంతా మా కోడలు చూసిందేనండి అనేవారు. నేను ఎండ సంగతి, బోరు దూరం సంగతి, వాలు సంగతి చక్కగా వివరించి చెప్పేదాన్ని. వరుణ్ నన్ను అంత ముద్దుగా చూడటం అంతకు ముందు ఎప్పుడూ లేదు.

శ్రావణంలో వాన పట్టుకుంది. పైన గోదారి పొంగి, ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చారు. ఏటి మట్టం పెరిగితే మా మురుగుకాలువ నీళ్ళు బయటికి పోవు, వెనక్కి తంతాయి. మూడో రోజు పొద్దున మేం లేచేసరికి పెరడంతా ఎర్రటి నీళ్ళు. గేదెల్ని ముందు రోజే కాలువగట్టు మీదికి తోలించేశారు. ఇంటికి మెట్లున్నాయి కాబట్టి మాకు భయం లేదు. నేను వరండాలోకి వచ్చి చూస్తే, మురుగుకాలువ వార తాటాకు చూరు ఒక్కటే కనిపిస్తోంది. దాని కింద ఇల్లు లేదు.

వీరమ్మ గుమ్మటం మీద నిలబడి ఉంది.

చంకలో మూట, భుజం మీద మేకపిల్ల, కాళ్ళ దగ్గర తల్లిమేక. నెత్తి మీద ఒక ఎరువు సంచీ కప్పుకుంది. పెరట్లో నీళ్ళు లేని చోటు ఆ గుమ్మటం ఒకటి, కారు షెడ్డు ఒకటి. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. పిలిస్తే వినిపించేంత దగ్గరే, కాని మమ్మల్ని పిలవలేదు.

మావయ్యగారు బయటికొచ్చి చూసి కంగారుపడ్డారు. గ్యాసు పైపు గుమ్మటం నడినెత్తి మీదే బిగించి ఉంది, మేక తొక్కితే జాయింటు కదులుతుందని ఆయన భయం. ఆవిడ నీ మాటైతే వింటుంది, దిగమని చెప్పమ్మా అన్నారు. వరుణ్ కూడా వచ్చి నిలబడ్డారు, అత్తయ్యగారు గుమ్మంలో ఉన్నారు. అందరూ నన్ను చూస్తున్నారు. నేను చివరి మెట్టు దాకా దిగాను.

"దిగు వీరమ్మా. పైపు కదిలిపోతుంది."

"దిగుతానండి" అంది వెంటనే. తల్లిమేక మెడలో తాడు పట్టుకుంది. తర్వాత నీళ్ళకేసి చూసి, నాకేసి చూసింది. "ఎక్కడికి దిగమంటారండీ?"

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే నాకు తేలికయ్యేది. జాగా చూడటం తెలిసిన మనిషిని కదా నేను, అందుకని అడిగింది. ఆవిడ కళ్ళు ఒక్కసారి షెడ్డువైపు వెళ్ళాయి. అక్కడ కారు పక్కన ఒక మంచం పట్టేంత పొడి నేల ఉంది. ఆ కళ్ళు మళ్ళీ వెనక్కి వచ్చేశాయి. ఆ పేరు ఎత్తకూడదని ఆవిడ వేసవిలోనే నిర్ణయించుకుంది, నా కోసం. షెడ్డులోకి వెళ్ళమని నేనంటే ఎవరూ నన్ను కొట్టరు, తిట్టరు. కాని మేమందరం నోరు మూసుకుని దాచిన సంగతి అది. పెరట్లో ఇంకో మెరక ఉందని ఇంటిల్లిపాది ముందూ మొదటిసారి నా నోటితో ఒప్పుకోవాలి.

"బడి దగ్గరికి వెళ్ళు" అన్నాను. "అక్కడ అన్నాలు కూడా పెడుతున్నారట."

"ఆయ్, అలాగేనండి."

దిగింది. మోకాళ్ళ దాకా వచ్చాయి నీళ్ళు. గేటు దాటేసరికి తొడల దాకా వచ్చాయి. తల్లిమేక మెడ పైకెత్తుకుని ఈదుతూ వెనకే వెళ్ళింది. బడి అర కిలోమీటరు. మలుపు తిరిగేదాకా చూశాను, ఆవిడ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. తర్వాత ఇక మా ఇంటి పనికి రాలేదు, ఎక్కడుందో నేను కనుక్కోలేదు.

నేను మెట్లెక్కి వస్తుంటే మావయ్యగారు నాకు దారిచ్చి పక్కకి జరిగారు.

"గొడవ లేకుండా పంపించావమ్మా. ఇంకొకరైతే నీళ్ళు నమిలేవారు" అన్నారు.

నిజమే చెప్పాలనుకుని మొదలుపెట్టాను కాబట్టి ఇది కూడా చెబుతున్నాను. ఆ మాట వినగానే నాకు సంతోషం వేసింది.